శ్రీశైలానికి వాయవ్యం: ఒక అర్చకుని సైకిల్ యాత్ర

శ్రీ గురుభ్యో నమః.

నిత్యం మనం చెప్పుకొనే సంకల్పంలో దేశకాల సంకీర్తనం ఒక ముఖ్యమైన అంగం. కల్పం, మన్వంతరం, యుగం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి అని కాలాన్ని చెప్పుకొన్నట్లే, ద్వీపం, వర్షం, ఖండం అని దేశాన్ని కూడా చెప్పుకొంటాం. అక్కడ భాగ్యనగరవాసులమైన మనం శ్రీశైలానికి వాయవ్య దిక్కున, కృష్ణా గోదావరీ నదుల మధ్యదేశంలో ఉన్నామని ఉచ్చరిస్తాం. ఈ మాటలోని విశేషం ఆలోచింపదగినది. నేనున్న చోటును భగవంతునికి విన్నవించుకోవడానికి ఊరి పేరు, వీధి పేరు చాలవు. మల్లికార్జునుడు ఉన్నచోటు నుండి లెక్కించి నా స్థానాన్ని చెప్పుకోవాలి. ఆయన స్థిరుడు, నేను ఆయనకు ఒక దిక్కున ఉన్నవాడను. తెలుగువాని భూగోళానికి కేంద్రం శ్రీశైలమని పెద్దలు ఎంత సూక్ష్మంగా నిర్ణయించారో చూడండి.

ఎనిమిదవ ఏట ఉపనయనమైన నాటి నుండి ఈ మాటను చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు నాకు 56 సంవత్సరాలు. గత మార్గశిర మాసంలో ఈ వాయవ్యం నుండి ఆ కేంద్రానికి, పాతబస్తీలోని శాలిబండ నుండి శ్రీశైలానికి, 200 కిలోమీటర్లకు పైబడిన మార్గాన్ని రెండు దినాలలో సైకిల్ మీద ప్రయాణించాను. తలసేమియా అనే రక్తవ్యాధితో బాధపడే పిల్లల నిమిత్తం రక్తదాతలను కూడగట్టడం ఈ యాత్రకు ప్రయోజనం. విన్నవారిలో కొందరు సంతోషించారు, కొందరు నవ్వారు, కొందరు శాస్త్రవిషయకమైన సందేహాలను అడిగారు. ఆ ముగ్గురినీ ఉద్దేశించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వాహనం

వేదపాఠశాలలో కృష్ణయజుర్వేదం క్రమాంతం పూర్తిచేసుకొని, యౌవనంలోనే ఈ పాతబస్తీకి వచ్చి, ఒక చిన్న శివాలయంలో అర్చకత్వం స్వీకరించాను. ఆ కాలంలో పురోహితుని వాహనమంటే సైకిలే. హ్యాండిల్‌కు పంచపాత్రల సంచీ, వెనుక క్యారియర్‌కు సమిధల కట్ట, దర్భలు, పంచె చైనులో చిక్కకుండా పైకి దోపుకొని గౌలిపురా, ఉప్పుగూడ, లాల్‌దర్వాజా, సైదాబాద్, చంపాపేట వరకు సత్యనారాయణ వ్రతాలకు, ఆబ్దికాలకు తిరిగేవాడను. క్రమంగా స్కూటర్ వచ్చింది. కూర్చుండి చేసే జపం, కూర్చుండి చేసే ప్రయాణం, యజమానుల ఇళ్ళలో కాదనలేని భక్ష్యాలు, ఈ మూడింటి ఫలంగా ఏబదవ ఏట మధుమేహం కూడా వచ్చింది. వైద్యులు వ్యాయామం విధించారు. మోకాళ్ళు నడకకు అంగీకరించలేదు. సైకిలైతే మోకాలిపై దేహభారం పడదని వారే సూచించారు.

మా వీధి మలుపులో ఒక వృద్ధ ముస్లిం మిస్త్రీ సైకిళ్ళు బాగుచేస్తారు. నా తొలి సైకిల్‌కు పంక్చర్లు వేసినది ఆయన చేతులే. ఇన్నేళ్ళకు మళ్ళీ సైకిల్ కావాలని అడిగితే, నన్ను ఆపాదమస్తకం చూసి, "పంతులుగారూ, పాత బండి మీ బరువు మోయదు, గేర్ల బండి చూపిస్తా" అన్నారు. ఒక పాత గేరు సైకిల్‌ను చూపారు. దాని సీటు తోలుది. అర్చకునికి చర్మస్పర్శ నిషిద్ధమని నేను చెప్పకముందే, "రెక్సిన్ సీటు వేసి ఇస్తాలెండి, మీ సంగతి నాకు తెలవదా?" అన్నారు. పాతబస్తీలో మూడు దశాబ్దాల సహవాసం ఎటువంటి ఆచారజ్ఞానాన్ని ఇస్తుందో ఈ ఒక్క మాట చెబుతుంది.

మొదట ఆలయం నుండి చార్మినార్ వరకు, తరువాత ఫలక్‌నుమా వరకు, ఆపై చాంద్రాయణగుట్ట దాటి తుక్కుగూడ వరకు, తెల్లవారుజామున అభిషేకానికి ముందు వెళ్ళి వచ్చేవాడను. ఒక సంవత్సరంలో రోజుకు 40 కిలోమీటర్లు ప్రయాస లేకుండా సాగే స్థితి కలిగింది. ఇంతవరకు ఇది కేవలం దేహపోషణ. దీనికి ధర్మరూపం కలిగించినది ఒక తల్లి వేసిన ప్రశ్న.

ఆ తల్లి ప్రశ్న

మా ఆలయానికి సోమవారం తప్పక వచ్చే కుటుంబం ఒకటి ఉంది. వారి కుమారునికి తొమ్మిదేళ్ళు. తీర్థం కోసం చాచిన ఆ చేయి కొన్ని వారాలు గులాబీవర్ణంలో, కొన్ని వారాలు పాలిపోయి ఉంటుంది. మూడు వారాలకొకసారి ఆ బాలునికి ఇతరుల రక్తం ఎక్కించాలి. ఒకనాడు అందరూ వెళ్ళిన తరువాత ఆ తల్లి, "స్వామీ, వీడు ఏ జన్మలో ఏ పాపం చేశాడని ఈ శిక్ష? పోనీ, మేమేం చేశాం?" అని అడిగింది. ఆమె బంధువులలో ఎవరో ఇది పూర్వజన్మ పాపఫలమని అన్నారట.

అర్చకుణ్ణి ఎందరో ఎన్నో అడుగుతారు. ముహూర్తం అడిగితే పంచాంగం ఉంది, శాంతి అడిగితే కల్పం ఉంది. ఈ ప్రశ్నకు కంఠస్థమైన సమాధానం లేదు. కర్మసిద్ధాంతం సనాతన ధర్మానికి మూలస్తంభమే. అయితే అది ఎవరి ఉపయోగం కోసం చెప్పబడింది? వేదాంతులు కర్మను సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడు విధాలుగా విభజించారు. ఒకరి ప్రారబ్ధాన్ని మరొకరు చూడగల సాధనం ఏదీ లేదు. ఆ బాలుని వ్యాధి వాని ప్రారబ్ధమే అనుకొన్నా, దానిని చూసి నేను ఏమి చేస్తానో అది నా ఆగామి. మొదటిది నాకు కనబడదు, రెండవది నా చేతిలో ఉంది. కనబడని దానిని గురించి తీర్పు చెబుతూ, చేతిలో ఉన్నదానిని విడిచిపెట్టేవాడు కర్మసిద్ధాంతాన్ని తలక్రిందులుగా చదివినవాడు. పరుల కష్టం నా ఎదుటకు వచ్చినదంటే అది నాకు వచ్చిన కర్తవ్యం అని గ్రహించాలే తప్ప, వారి దోషానికి సాక్ష్యమని కాదు.

ఆమెతో ఇంత విస్తరించలేదు. "అమ్మా, నీ బిడ్డ పాపం నాకు తెలియదు. వాడికి రక్తం ఇవ్వకపోతే వచ్చే పాపం మాత్రం నాకు తెలుసు" అన్నాను. ఆమె కన్నులు తుడుచుకొని, "వేసవిలో రక్తం దొరకడం కష్టమవుతుంది స్వామీ. పరీక్షలు, సెలవులు, కాలేజీల్లో శిబిరాలు ఉండవు" అన్నది. దుఃఖంలో కూడా ఆమె నాకు చేయవలసిన పనిని చూపి వెళ్ళింది.

ప్రతిగ్రహ భారం

ఆ వారమే ఆ వ్యాధిని గురించి తెలుసుకొన్నాను. తలసేమియా అనే పేరులో ఉన్నది సముద్రవాచకమైన గ్రీకు శబ్దం. మధ్యధరా సముద్ర తీరవాసులలో అధికంగా కనబడినందున ఆ పేరు వచ్చింది. 1925లో అమెరికా వైద్యుడు థామస్ కూలీ దీనిని వర్ణించారు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తగినంతగా తయారుకాదు. అందువల్ల రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించడం జీవితాంతం తప్పదు. మూలుగ మార్పిడితో దాదాపుగా పూర్తి నివృత్తి కలుగుతుంది. అది అందరికీ లభించేది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ వ్యాధిని కూడా చేర్చారు.

నన్ను నిలిపివేసిన విషయం మరొకటి. ఎక్కించిన ప్రతి రక్తపు సంచీతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము దేహంలో చేరుతుంది. దానిని బయటకు పంపే మార్గం మానవదేహానికి సహజంగా లేదు. అది క్రమంగా హృదయంలో, కాలేయంలో నిలువ చేరి హాని చేస్తుంది. అందుచేత రక్తం ఎక్కించినంత శ్రద్ధతో ఆ ఇనుమును తొలగించే ఔషధాన్ని కూడా నిత్యం తీసుకోవాలి.

పౌరోహిత్యంలో జీవించినవారికి ఇది కొత్త విషయం కాదు. దానం స్వీకరించడాన్ని ప్రతిగ్రహమంటాం. ప్రతిగ్రహం జీవనాధారమే, కాని భారం కూడా. తీసుకొన్నదానిలోని దోషం తీసుకొన్నవానిలో నిలువ ఉంటుందని, గాయత్రీ జపంతో దానిని కరిగించుకోవాలని మా గురువులు బోధించారు. తిలదానమో, గోదానమో పట్టిన రాత్రి నిద్రకు ముందు జపసంఖ్య పెంచుకోవడం మా ఇళ్ళలో ఆచారం. ఆ తొమ్మిదేళ్ళ బాలుడు మూడు వారాలకొకసారి మహాదానాన్ని ప్రతిగ్రహిస్తున్నాడు. దాని భారాన్ని ప్రతిరాత్రి మాత్ర రూపంలో కరిగించుకొంటున్నాడు. ఒక్కరోజు కూడా లోపం రానీయడు. నియమపాలనలో వాడు నాకు సహపాఠి అనిపించింది.

గోత్రం, రక్తం

ఇందులో వివాహాలు జరిపించే మా వర్గానికి ప్రత్యేకమైన బాధ్యత ఒకటి ఉంది. ఈ వ్యాధి తల్లిదండ్రులు ఇద్దరూ వాహకులైనప్పుడే బిడ్డకు తీవ్రరూపంలో వస్తుంది. అటువంటి దంపతులకు ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. వాహకులు సాధారణంగా ఆరోగ్యవంతులే. వారికి తాము వాహకులమని తెలియదు. ఇందులో ఎవరి అపరాధమూ లేదు. సాధారణంగా హిమోగ్లోబిన్ ఎ2 అనే ఒక రక్తపరీక్షతో బీటా తలసేమియా వాహకత్వం తెలిసిపోతుంది.

మనం వధూవరుల జాతకాలు చూసేటప్పుడు 36 గుణాలలో నాడీకూటానికి 8 గుణాలు ఇచ్చాం. సంతానక్షేమాన్ని ఉద్దేశించే దానికి అంత ప్రాధాన్యం. సగోత్ర వివాహాన్ని నిషేధించాం. అదీ వంశక్షేమం కోసమే. అయితే గోత్రం తండ్రి వైపునే వస్తుంది, రక్తం ఇరువైపుల నుండీ వస్తుంది. మేనరికంలో గోత్రాలు భిన్నమే, కాని తాత లేదా అమ్మమ్మ ఒకరే. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని వివాహమాడటం దాక్షిణాత్యుల ఆచారమని బోధాయనుడు తన ధర్మసూత్రంలో పేర్కొన్నాడు. అంత ప్రాచీనమైన ఆచారాన్ని నేను నిందించడం లేదు. ఆ తాతగారు వాహకులైతే ఇద్దరు మనుమలకూ అది సంక్రమించి ఉండవచ్చునని మాత్రం చెబుతున్నాను.

సైప్రస్ అనే మధ్యధరా ద్వీపంలో ఈ వ్యాధి అత్యధికంగా ఉండేది. 1980వ దశకంలో అక్కడి క్రైస్తవ చర్చి, వివాహానికి ముందు పరీక్ష చేయించుకొన్న ధ్రువపత్రం తేవాలని నియమం పెట్టింది. పెళ్ళి వద్దని చెప్పలేదు, తెలుసుకొని నిర్ణయించుకొమ్మన్నది. తీవ్రవ్యాధితో పుట్టే శిశువుల సంఖ్య ఆ ద్వీపంలో దాదాపు శూన్యానికి చేరింది. వైద్యులు చెప్పిన మాటను పురోహితులు అందుకొన్నందువల్ల కలిగిన ఫలమిది. వారి మతం వేరు, మన మతం వేరు. వివాహవేదిక వద్ద నిలిచేవాని కర్తవ్యం ఒక్కటే. ఇప్పుడు నా వద్దకు జాతకాలు తెచ్చేవారికి, వాటితో పాటు ఈ పరీక్షాపత్రాన్ని కూడా తెమ్మని చెబుతున్నాను. నవ్వుతూ చెప్పినా గట్టిగా చెబుతున్నాను.

ఇది ఆడంబరమా?

నా ఆలోచన ఇది. శ్రీశైలానికి సైకిల్ మీద యాత్ర చేస్తాను. ధనం అడగను. యాత్రకు తోడ్పడదలచినవారు రక్తదానం చేయాలి, లేదా అవివాహితులైతే పరీక్ష చేయించుకోవాలి. ఆలయానికి వచ్చే ప్రతివారినీ అడిగాను.

ఇంట్లో మొదటి ఆక్షేపణ. "ఏమండీ, రక్తం అడగడానికి సైకిల్ తొక్కడం ఎందుకు? మీరు అడిగితే ఇవ్వరా?" అన్నది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్న. మా ఆలయపు పెద్ద ఒకరు మరింత సూటిగా, "అర్చకుడు సైకిలెక్కి ఊరేగడం ఆడంబరం కాదా? దంభంతో చేసే పని రాజసమని భగవద్గీత చెప్పలేదా?" అన్నారు.

గీతలో పదిహేడవ అధ్యాయం దానాన్ని మూడుగా విభజించిన మాట నిజం. ప్రత్యుపకారాన్ని, ఫలాన్ని కోరి, క్లేశపడుతూ ఇచ్చేది రాజసం. దేశకాల పాత్రాలను గమనించి ఇవ్వవలసినదని ఇచ్చేది సాత్త్వికం. ప్రశ్న బహిరంగంగా చేశామా, రహస్యంగా చేశామా అన్నది కాదు. ఉంఛవృత్తి చేసే భాగవతుడు వీధిలో గొంతెత్తి పాడుతూనే బియ్యం స్వీకరిస్తాడు. త్యాగరాజస్వామి ఆ విధంగానే జీవించారు. దానిని ఎవరూ ప్రదర్శన అనలేదు. అడిగేవాడు ముందు తాను కొంత శ్రమ పడితే, ఇచ్చేవానికి ఇవ్వడం సులభమవుతుంది. కూర్చున్నచోటు నుండి అడిగితే అది ఆజ్ఞ వలె వినిపిస్తుంది, చెమటతో వచ్చి అడిగితే భిక్ష వలె వినిపిస్తుంది.

దీనికి మన ఊరి పొలిమేరలోనే మహత్తరమైన ఉదాహరణ ఉంది. ఆచార్య వినోబా భావే 1951లో వార్ధా సమీపంలోని పౌనార్ నుండి కాలినడకన బయలుదేరి, హైదరాబాదు శివార్లలోని శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. అప్పుడాయనకు 55 సంవత్సరాలు, ఆరోగ్యం అంతంతమాత్రం. అక్కడి నుండి తెలంగాణ పల్లెలలోకి నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు తమకు భూమి కావాలని విన్నవిస్తే, ఇవ్వగలవారు ఎవరైనా ఉన్నారా అని ఆయన సభలో అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఆ ఒక్క దానం నుండి భూదానోద్యమం పుట్టింది. ఆపై పదమూడేళ్ళు దేశమంతా నడిచారు. వాహనంలో వచ్చి అడిగితే ఆ భూమి వచ్చేదా అన్నది నాకు సందేహమే. చిత్రమేమంటే, ఆ శివరాంపల్లిలోనే నేడు తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఈ పిల్లలకు రక్తం ఎక్కిస్తున్నది. భూమిని యాచిస్తూ ఒక మహనీయుడు బయలుదేరిన చోట, ఇప్పుడు రక్తం కోసం పిల్లలు నిరీక్షిస్తున్నారు.

సైకిల్ విషయంలోనూ మన నగరానికి ఆదర్శం కరువు లేదు. హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో ఒక కాలు కోల్పోయారు. ఒంటికాలితో కాశ్మీరం నుండి కన్యాకుమారి వరకు సైకిల్ తొక్కారు. తన పేరిట ఫౌండేషన్ స్థాపించి, ఇన్ఫినిటీ రైడ్ అనే దూరయాత్రల ద్వారా దివ్యాంగ క్రీడాకారుల శిక్షణకు విరాళాలు సమకూరుస్తున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1980 నుండి ఏటా క్యాన్సర్ చికిత్సకు, పరిశోధనకు సైకిల్ యాత్ర జరుగుతున్నది. రెండు కాళ్ళూ ఉన్న నేను రెండు దినాలు తొక్కడం వీరి ముందు ఏపాటిది? ఆలయపు పెద్దగారు ఇదంతా విని, "సరే, నిత్యార్చనకు లోపం రాకూడదు" అన్నారు. ఆ భారం మా అబ్బాయి స్వీకరించాడు. మా ఆవిడ మాత్రం సమాధానం చెప్పకుండా, అటుకులు, బెల్లం, దధ్యోదనం ఎంత కావాలో లెక్క వేయడం ప్రారంభించింది. అదే ఆమె అనుమతి.

యాత్ర

బ్రాహ్మీముహూర్తంలో స్నానం చేసి, సంకల్పం చెప్పుకొని బయలుదేరాం. నాతో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు యువకులు. పంచె గోచీ పోసి బిగించి కట్టుకొన్నాను. మిస్త్రీ ఆ చీకటిలోనే వచ్చి బ్రేకులు, టైర్లలో గాలి మరొకసారి చూశారు. అలియాబాద్, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ చేరేసరికి ఫజర్ అజాన్ వినిపించింది. జామపండ్ల బండ్లు అప్పుడే సర్దుతున్నారు. పహాడీషరీఫ్ దాటాక నగరం వెనుకబడింది. తుక్కుగూడ తరువాత సూర్యోదయం. రోడ్డు ప్రక్కన తూర్పుముఖంగా నిలిచి అర్ఘ్యం ఇచ్చాను. లారీడ్రైవరు ఒకడు బండి వేగం తగ్గించి నమస్కరించి పోయాడు.

కడ్తాల్, ఆమనగల్, వెల్దండ. మార్గం నేరుగా కనిపించినా మెల్లగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. కారులో వెళ్ళేవారికి తెలియని ఎత్తు సైకిల్‌కు తెలుస్తుంది. కఠోపనిషత్తు దేహాన్ని రథంగా, ఇంద్రియాలను గుర్రాలుగా, బుద్ధిని సారథిగా వర్ణించింది. ఇన్నేళ్ళు ఆ మంత్రాలు చెప్పినా, రథానికి, గుర్రానికి ఉన్న వేరును అంత దగ్గరగా చూడలేదు. సైకిల్ మీద రథికుడూ నేనే, గుర్రమూ నేనే. మధ్యాహ్నం ఎండలో పిక్కలు పట్టుకొన్నప్పుడు, "ఆగు" అనేది ఎవరు, "సాగు" అనేది ఎవరు అని స్పష్టంగా రెండు గొంతులు వినిపించాయి. ఆ రెండింటినీ వింటున్న మూడవ వాడొకడు అలసట లేకుండా ఉన్నాడు. సాక్షి అనే మాటకు అర్థాన్ని భాష్యాలలో చదివాను, ఆనాడు వెల్దండ దాటిన చేల మధ్య కొద్దిసేపు కంటితో చూసినట్లయింది. అది నిలిచే అనుభవమని చెప్పను. దాహం వేయగానే మళ్ళీ నేను నేనే అయ్యాను.

సాయంసంధ్య డిండి జలాశయ తీరంలో. రాత్రి అచ్చంపేట సమీపంలో ఒక భక్తుని ఇంట విశ్రాంతి. పెద్దలు శ్రీశైలానికి నాలుగు ద్వారాలు చెప్పారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఆ ఉమామహేశ్వరం కొండ రంగాపురం వద్దనే ఉంది. తెల్లవారుజామున దాని పాదాన నిలిచి, ద్వారం దాటడానికి అనుమతి వేడుకొన్నాం.

మన్ననూరు వద్ద అటవీశాఖ తనిఖీ ద్వారం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కనుక రాత్రివేళ మార్గం మూసివేస్తారు. తెరవగానే ప్రవేశించాం. ఫరహాబాద్ దాటిన తరువాత ఇరువైపులా నల్లమల. వటవర్లపల్లి వద్ద తేనె అమ్ముకొనే ఒక చెంచు వృద్ధురాలు నన్ను చూసి, "సైకిల్ మీద మల్లయ్య కాడికా సామీ? మా అల్లుడికి మేం అడిగినమని చెప్పు" అన్నది. మల్లన్న చెంచుపిల్లను పెండ్లాడాడని, అందువల్ల తమకు అల్లుడని చెంచుల నమ్మకం. నలభై ఏళ్ళు ఆయనను అష్టోత్తరాలతో పిలిచిన నాకు, ఆ చనువు ఇంకా రాలేదు.

దోమలపెంట, ఈగలపెంట దాటాక ఘాటు దారి కృష్ణ వైపు దిగుతుంది. ఆనకట్ట దిగువన వంతెన దాటిన తరువాత అంతా ఆరోహణం. మొదటి మలుపులలో చిన్న గేరులో తొక్కాను. తరువాత ఊపిరి నిలువలేదు. దిగి, సైకిల్‌ను నెట్టుకొంటూ నడిచాను. వెంట ఉన్న యువకుడు మొహమాటంగా, "స్వామీ, నడిస్తే సంకల్పానికి భంగం కాదా?" అని అడిగాడు. సంకల్పంలో యథాశక్తి అనే మాట ఉన్నది ఇటువంటి మలుపుల కోసమేనని చెప్పాను. మన పూర్వులు మనిషి పిక్కలను ఎరిగి సంకల్పాన్ని రచించారు.

సన్నిధి

శ్రీశైలంలో ధూళిదర్శనమనే సంప్రదాయం ఉంది. పూర్వం అడవులు దాటి నడిచి వచ్చిన భక్తులు కాళ్ళ దుమ్ముతోనే వెళ్ళి ముందుగా స్వామిని దర్శించేవారు. లింగాన్ని చేతితో తాకే స్పర్శదర్శనం కూడా ఇక్కడి మహిమ. అర్చకుడనై ఉండి స్నానం లేకుండా ఆలయప్రవేశం చేయడం నాకు జీవితంలో ఇదే మొదటిసారి. ఆ క్షేత్రసంప్రదాయం అనుమతించింది కనుక చేశాను. మల్లికార్జునుని శిరస్సు తాకినప్పుడు నా అరచేతిలో హ్యాండిల్ రాపిడి వల్ల లేచిన పొక్కులు చల్లబడ్డాయి. అమ్మ భ్రమరాంబను దర్శించి, మరునాటి ఉదయం స్నానం చేసి సంకల్పానికి కూర్చున్నాను. దేశసంకీర్తన వద్ద నాలుక అలవాటుగా వాయవ్యమని మొదలుపెట్టబోయి ఆగింది. అక్కడ దిక్కు చెప్పవలసిన పని లేదు. క్షేత్రం పేరు చెబితే చాలు. ఎప్పుడూ ఉండే ఒక మాట లేకపోవడం అంత నిండుగా ఉంటుందని అనుకోలేదు. ఆ బాలుని గోత్రనామాలతో అర్చన చేయించి బస్సులో తిరిగి వచ్చాం.

ఫలం

యాత్ర నిమిత్తం ఆ నెలలో 42 మంది రక్తం ఇచ్చారు. వారిలో మిస్త్రీగారి ఇద్దరు కుమారులు, ఆక్షేపించిన ఆలయపు పెద్దగారి మనుమడు, మా అబ్బాయి ఉన్నారు. నేనూ ఇచ్చాను. దేహం నుండి రక్తం స్రవించిన నాడు విగ్రహాన్ని తాకరాదన్నది మా ఆచారం. అందుచేత ఆనాటి అర్చన అబ్బాయి చేశాడు, వాడు ఇచ్చిన నాడు నేను చేశాను. రక్తానికి గోత్రం లేదు, గ్రూపు మాత్రమే ఉంది. మిస్త్రీగారి కుమారుని రక్తం ఎవరికి చేరిందో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఆ దానానికి శోభ.

ఆ బాలుని వ్యాధి తగ్గలేదు. ఒక యాత్రతో తగ్గేది కాదు. వాడు మూడు వారాలకొకసారి వెళుతూనే ఉన్నాడు. 42 మంది ఒక్కొక్కసారి ఇచ్చినది ఒక్క పిల్లవానికైనా జీవితమంతా చాలదు. అందుచేత దాతలు మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి. ఆరోగ్యవంతులైన పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. నిత్యకర్మ ఒకనాడు చేసి మానేది కాదు కదా. రక్తదానాన్ని కూడా నైమిత్తికం నుండి నిత్యంలోకి మార్చుకోవాలన్నది ఈ యాత్ర నాకు నేర్పిన పాఠం. వచ్చే యాత్ర చైత్రంలో, రక్తం కొరత మొదలయ్యే వేళ. ఈసారి దూరం తక్కువ, శాలిబండ నుండి పోచంపల్లి.

సాధకులకు నా విన్నపాలు మూడే. శక్తి ఉన్నవారు రక్తం ఇవ్వండి. పిల్లల వివాహం తలపెట్టినప్పుడు జాతకంతో పాటు ఆ చిన్న పరీక్ష చేయించండి. రోగంతో ఉన్న బిడ్డను చూసి వాని పూర్వజన్మను గురించి వాని తల్లి వినేటట్లు మాట్లాడకండి. మూడవది చేయడానికి సైకిల్ కూడా అవసరం లేదు.

శివార్పణమస్తు.